యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళే ముందు: ఒక కొలత గ్లాసు, మూడు రోజుల లెక్క

"రాత్రి నాలుగుసార్లు లేవవలసి వస్తోంది డాక్టరు గారూ" అని చెప్పే పెద్దవారు లేని ఓపీ మాకు దాదాపు ఉండదు. లేచిన ప్రతిసారీ ఎంత మూత్రం వస్తోందని అడిగితే మాత్రం చాలామంది పక్కన కూర్చున్న కొడుకు వైపు చూస్తారు. ఆయన కూడా ఏమీ చెప్పలేరు, ఎందుకంటే దాన్ని కొలవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ వచ్చి ఉండదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మీ ఇబ్బంది మూత్రాశయం కింద మూత్రనాళం చుట్టూ ఉండే ప్రొస్టేట్ గ్రంథి వల్ల వచ్చిందా, చక్కెర వల్లనా, కాళ్ళ వాపు వల్లనా అన్నది మొదటి రోజే చాలావరకు తేలిపోతుంది. అందుకే యాభై దాటి మూత్రం విషయంలో ఇబ్బంది పడుతున్న మగవారు వైద్యుడిని కలిసే ముందు ఇంట్లో ఏం చేసుకోవాలో, కలిసిన తరువాత ఏం అడగాలో వరుసగా రాస్తున్నాను.

మొదట చూసుకోవలసింది: ఆగకూడని పరిస్థితులు

కింద చెప్పబోయే మూడు రోజుల లెక్క అందరికీ వర్తించదు. మూత్రం పూర్తిగా బిగదీసుకుపోయి, పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో నిలవలేకపోతుంటే అది అత్యవసరం. ఏ వేళ అయినా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళి పైపు వేయించుకోవాలి. ఇలాంటప్పుడు "నీళ్ళు బాగా తాగితే దానంతట అదే వస్తుంది" అని ఇంట్లో చెంబుల కొద్దీ తాగించడం బాధను పెంచడమే అవుతుంది, ఎందుకంటే దారి మూసుకుపోయిన సంచిలోకి ఇంకా నీరు చేరుతుంది. చలి జ్వరంతో పాటు మూత్రంలో మంట ఉన్నా ఆ రోజే చూపించుకోవాలి.

మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే కనిపించి ఆగిపోయినా, యూరాలజిస్టుకు తప్పకుండా చూపించుకోండి. నొప్పి లేకుండా వచ్చి దానంతట అదే తగ్గిపోయే రక్తం మూత్రాశయంలో కణితికి మొదటి సూచన కావచ్చు. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటు ఉన్నవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. నొప్పి లేదు కదా అని నెలల తరబడి ఊరుకుని వచ్చేవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇంకొక సూచనను ఇంట్లోవాళ్ళు తరచుగా వయసు మీదకు నెట్టేస్తారు. పెద్దాయనకు పగలు చుక్కలు చుక్కలుగా వస్తూ, రాత్రి నిద్రలో తెలియకుండా పక్క తడుస్తోందంటే, మూత్రాశయం ఎప్పుడూ నిండే ఉండి పైకి పొర్లుతోందని అనుమానించాలి. ఈ స్థితిలో నొప్పి ఉండకపోవచ్చు, కానీ వెనక్కి పడే ఒత్తిడి వల్ల కిడ్నీలు మెల్లగా దెబ్బతింటూ ఉంటాయి. పక్క మీద ప్లాస్టిక్ షీటు పరిచి సరిపెట్టుకోకుండా, ఆ వారంలోనే స్కానింగ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

మూడు రోజుల లెక్క ఎలా రాయాలి

మందుల దుకాణంలో గాని ప్లాస్టిక్ సామాన్ల కొట్టులో గాని మిల్లీలీటర్ల గీతలున్న 500 మిల్లీలీటర్ల కొలత గ్లాసు ఒకటి కొనండి. దాన్ని బాత్‌రూములో ఉంచి, పక్కనే ఒక కాగితం, దారంతో కట్టిన పెన్ను పెట్టుకోండి. రాత్రి నిద్రమత్తులో పెన్ను వెతుక్కోవలసి వస్తే ఆ ఒక్కసారి రాయడం మానేస్తారు, లెక్క పాడవుతుంది. మూడు రోజులు వరుసగా ఉండనవసరం లేదు కానీ, ప్రతి రోజూ పూర్తి 24 గంటలు ఉండాలి. ఇంటి పట్టున ఉండే రోజులను ఎంచుకోండి.

కాగితం మీద నాలుగు గడులు చాలు: సమయం, ఎంత మూత్రం వచ్చింది, ఏం తాగారు ఎంత తాగారు, ఏదైనా ఇబ్బంది ఉందా. ఇబ్బంది అంటే ఆపుకోలేక పరుగెత్తవలసి వచ్చిందా, బట్టల్లో పడిందా, మొదలవడానికి నిలబడి ఎదురు చూశారా అన్నవి. తాగినవాటిలో నీళ్ళతో పాటు కాఫీ, టీ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, చారు కూడా రాయండి. రాత్రి పడుకున్న వేళ, ఉదయం లేచిన వేళ దగ్గర గీత గీయండి. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రం రాత్రి లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే అది రాత్రంతా తయారైనదే.

ఇలా రాసిన రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వ్యక్తి రాత్రి నాలుగుసార్లు లేచారు. 90, 70, 110, 80 మిల్లీలీటర్లు, ఉదయం 120 వచ్చాయి. రాత్రి మొత్తం 470, రోజు మొత్తం 1600. రెండో వ్యక్తి కూడా నాలుగుసార్లే లేచారు; 320, 280, 300, 260, ఉదయం 240. రాత్రి మొత్తం 1400, రోజు మొత్తం 2300. ఇద్దరూ వైద్యుడితో చెప్పేది ఒకే మాట, కానీ ఇద్దరి జబ్బూ ఒకటి కాదు. మొదటి వ్యక్తి మూత్రాశయంలో ఎక్కువ నిలవడం లేదు: ప్రొస్టేట్ అడ్డుపడి మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడమో, మూత్రాశయం అతిగా స్పందించడమో, ఇన్ఫెక్షనో కారణం కావచ్చు. రెండో వ్యక్తి మూత్రాశయం బాగానే పట్టి ఉంచుతోంది, మూత్రమే రాత్రిపూట ఎక్కువగా తయారవుతోంది. పెద్దవయసులో రాత్రి వాటా 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటితే దానికి కారణం ప్రొస్టేట్ కంటే ఎక్కువగా వేరే చోట ఉంటుంది: సాయంత్రానికి పాదాల్లో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి చేరడం, గుండె బలహీనత, అదుపులో లేని చక్కెర, గట్టిగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగడం, పడుకునే ముందు తాగే పెద్ద గ్లాసెడు మజ్జిగ. ఆ రెండో వ్యక్తికి ప్రొస్టేట్ మాత్ర ఎన్నేళ్ళు ఇచ్చినా రాత్రి లేవడం పెద్దగా తగ్గదు. మొత్తం రోజుకు 3 లీటర్లు దాటుతుంటే, అతిగా తాగుతున్నారా, చక్కెర ఉందా అన్నది ముందు చూడాలి.

ఈ కాగితం శుభ్రంగా ఉండనవసరం లేదు. క్యాలెండర్ కాగితం వెనుక, నీటి మరకలతో, అంకెలు వంకరగా రాసి తెచ్చినవి ఎన్నో నేను దాచిపెట్టుకున్న ఫైళ్ళలో ఉన్నాయి. ఖరీదైన పరీక్షల కంటే అవి ముందుగా దారి చూపించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఏడు ప్రశ్నలు

లెక్కతో పాటు మీ బాధను కూడా అంకెల్లో చెప్పుకోవచ్చు. ప్రపంచమంతటా యూరాలజిస్టులు వాడే ఐపీఎస్ఎస్ అనే పట్టికలో ఏడు ప్రశ్నలు ఉంటాయి. గత నెల రోజుల్లో మూత్రం పూర్తిగా అయిపోలేదన్న భావన, రెండు గంటల లోపే మళ్ళీ వెళ్ళవలసి రావడం, ధార మధ్యలో ఆగి మళ్ళీ మొదలవడం, ఆపుకోలేకపోవడం, ధార సన్నబడటం, ముక్కవలసి రావడం ఎంత తరచుగా జరిగాయో ఒక్కొక్కదానికి 0 నుంచి 5 వరకు వేసుకోవాలి. ఏడోది రాత్రి ఎన్నిసార్లు లేచారన్నది. మొత్తం 35లో 7 వరకు తక్కువ, 8 నుంచి 19 వరకు మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. చివరన ఇంకొక ప్రశ్న ఉంటుంది: జీవితాంతం ఇలాగే ఉంటే మీకు ఎలా ఉంటుంది? చికిత్స మొదలుపెట్టాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. మొత్తం 10 వచ్చినా "నాకేం ఇబ్బంది లేదు, పనులు సాగిపోతున్నాయి" అనే వ్యక్తికి మందు వెంటనే అవసరం లేకపోవచ్చు.

మందుల సంచి

మీరు వాడుతున్న మందులన్నీ, చీటీలు కాదు, మాత్రల అట్టలే ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. బీపీకి ఇచ్చిన నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేపుతుంది; దాన్ని పగటికి మార్చవచ్చేమో ఆ మందు రాసిన వైద్యుడిని అడగాలి. ఆమ్లోడిపిన్ కొందరిలో పాదాల వాపు తెచ్చి రాత్రి మూత్రాన్ని పెంచుతుంది. చక్కెరకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ పని చేసే తీరే చక్కెరను మూత్రంలోకి పంపడం కాబట్టి, మూత్రం ఎక్కువగా రావడం సహజం.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పవలసింది జలుబు మాత్ర గురించి. చీటీ లేకుండా దుకాణంలో ఇచ్చే జలుబు మాత్రల్లో తరచుగా ఫినైల్‌ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసి ఉంటాయి. మొదటిది మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది మూత్రాశయ కండరాన్ని నీరసపరుస్తుంది. ప్రొస్టేట్ పెరిగిన వ్యక్తి ఆ మాత్ర వేసుకుని రాత్రి బస్సెక్కి, దిగేవరకు ఆపుకుని కూర్చుంటే, తెల్లవారేసరికి మూత్రం బిగదీసుకుపోవడానికి కావలసినవన్నీ సమకూరినట్టే. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చోవలసి వచ్చినప్పుడు కూడా, లైనులో చోటు పోతుందేమోనని ఆపుకోకండి. జలుబు చేస్తే మందుల దుకాణంలో "నాకు ప్రొస్టేట్ ఉంది" అని ముందుగా చెప్పి, ఆవిరి పట్టడంతో సరిపెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

వైద్యుడి గదిలో

ఆ రోజు ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు మూత్రానికి వెళ్ళి రాకండి. మూత్రం ఎంత వేగంగా వస్తోందో కొలిచే ధార పరీక్ష చేయాలంటే కనీసం 150 మిల్లీలీటర్లు రావాలి. అలాగని లీటరు నీళ్ళు తాగి, ఇక ఆగలేనన్నంత వరకు బిగబట్టడం కూడా సరికాదు. స్కానింగ్ సెంటర్లలో ఇది తరచుగా జరుగుతుంది: అతిగా నిండి సాగిపోయిన మూత్రాశయం ఎవరికైనా పూర్తిగా ఖాళీ కాదు, అప్పుడు రిపోర్టులో మిగులు మూత్రం 150 అని వస్తే ఇంటిల్లిపాదీ భయపడతారు. మామూలుగా వెళ్ళాలనిపించినప్పుడే పరీక్ష చేయించుకోండి. బిగబట్టి ఉంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి, మళ్ళీ చూస్తారు.

మాటలు మీరే చెప్పండి. కొడుకు గారు, కోడలు గారు ప్రేమతోనే ముందుగా చెప్పేస్తుంటారు, కానీ లైంగిక ఇబ్బందులు, వీర్యంలో రక్తం, బట్టల్లో పడిపోవడం వంటివి వారి ఎదుట పెద్దవారు చెప్పలేరు. "ఒక్క ఐదు నిమిషాలు డాక్టరు గారితో విడిగా మాట్లాడతాను" అని అడగడంలో తప్పు లేదు.

మలద్వారం గుండా వేలితో ప్రొస్టేట్‌ను పరీక్షించడం అనగానే చాలామంది బిగుసుకుపోతారు. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టవైపు ముడుచుకుని పడుకుంటే, జెల్లీ రాసిన తొడుగుతో అర నిమిషం లోపే అది ముగిసిపోతుంది. ఆ సమయంలో నోటితో నిదానంగా ఊపిరి వదలండి. మామూలుగా పెరిగిన ప్రొస్టేట్ మెత్తగా, నున్నగా తగులుతుంది. రాయిలా గట్టిగా, గడ్డలుగా తగిలితే క్యాన్సర్ అనుమానం వస్తుంది. పీఎస్ఏ అనే రక్తపరీక్ష మామూలుగా ఉన్నా వేలికి అనుమానం తగిలిన సందర్భాలు ఉంటాయి కాబట్టి, ఈ పరీక్షను కాదనకండి.

రిపోర్టులను ఎలా చదవాలి

స్కానింగ్ రిపోర్టులో "ప్రొస్టాటోమెగలీ గ్రేడ్ 2" అని చూసి ఆపరేషన్ తప్పదనుకుని వస్తారు. యువకుల్లో ఈ గ్రంథి సుమారు 20 గ్రాములు ఉంటుంది, నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. కానీ బరువుకీ బాధకీ నేరుగా సంబంధం లేదు. 30 గ్రాముల గ్రంథి లోపలికి పెరిగి దారిని నొక్కేయవచ్చు. 80 గ్రాములది బయటికి పెరిగి ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. బరువు కంటే ముఖ్యంగా చూడవలసినవి మిగులు మూత్రం ఎంత, కిడ్నీలు ఉబ్బాయా, మూత్రాశయంలో రాళ్ళున్నాయా, క్రియాటినిన్ ఎంత అన్నవి. ధార పరీక్షలో గరిష్ఠ వేగం సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే చాలావరకు బాగున్నట్టే. 10కి తగ్గితే దారి అడ్డుపడిందని గాని మూత్రాశయ కండరం నీరసించిందని గాని అర్థం. దీర్ఘకాలం చక్కెర ఉన్నవారిలో ఈ రెండోది తరచుగా ఉంటుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా ధార ఆశించినంత పెరగదు.

పీఎస్ఏ రక్తపరీక్ష గురించి కొంచెం నిదానంగా చదవండి. అది ప్రొస్టేట్ తయారుచేసే ప్రోటీన్ కొలత. క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ అదొక్కటే తేల్చదు. 4 అనేది పాత హద్దు, కానీ వయసుతో పాటు మామూలు స్థాయి కూడా పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, మూత్రం బిగిసి పైపు వేసినప్పుడు అది చాలా పైకి పోతుంది. అలాంటప్పుడు చేయించకుండా, తగ్గిన తరువాత సుమారు ఆరు వారాలు ఆగి చేయించాలి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి సంభోగం, ఎక్కువ దూరం సైకిలు తొక్కడం మానాలి. ఫినాస్టెరైడ్ గాని డ్యూటాస్టెరైడ్ గాని ఆరు నెలలుగా వాడుతుంటే వచ్చిన అంకెను రెట్టింపు చేసి చదవాలి. 3 అని వస్తే అది నిజానికి 6 కింద లెక్క. ఈ మందు వాడుతున్న సంగతి చెప్పకపోవడం వల్ల క్యాన్సర్‌ను ఆలస్యంగా గుర్తించే ప్రమాదం ఉంది. పీఎస్ఏ ఎక్కువగా వస్తే నేరుగా బయాప్సీకి (చిన్న ముక్క తీసి పరీక్షించడానికి) తొందరపడకుండా, మళ్ళీ ఒకసారి రక్తం పరీక్షించి, అవసరమైతే ఎంఆర్ఐ తీయించి, ఆ తరువాత నిర్ణయిస్తారు.

ప్రొస్టేట్ పెరగడం వేరు, ప్రొస్టేట్ క్యాన్సర్ వేరు. మొదటిది రెండోదిగా మారదు. అయితే రెండూ ఒకే వ్యక్తిలో ఉండవచ్చు, పైగా తొలి దశ క్యాన్సర్ ఏ బాధా చూపించదు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఆ జబ్బు వచ్చి ఉంటే 45 ఏళ్ళ నుంచే, మిగిలినవారు 50 దాటాక, పీఎస్ఏ చేయించుకోవడం వల్ల లాభనష్టాలేమిటో వైద్యుడితో మాట్లాడండి.

మందులు మొదలుపెట్టాక

టామ్సులోసిన్, సైలోడోసిన్, ఆల్ఫుజోసిన్ వంటివి దారిని వదులు చేస్తాయి; కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. మొదటి రోజుల్లో లేచి నిలబడితే కళ్ళు తిరగవచ్చు కాబట్టి, రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, ఆ తరువాత నిలబడండి. పెద్దవయసులో తుంటి ఎముక విరగడం ప్రొస్టేట్ కంటే పెద్ద కష్టం. ఈ మందుల వల్ల కొందరికి వీర్యం బయటికి రాదు. అది హాని చేయదు, మందు ఆపితే మామూలవుతుంది, కానీ ముందుగా తెలియక దంపతులు కలవరపడుతుంటారు. కంటిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోతుంటే, ఈ మందు వాడుతున్నారని, ఎప్పుడో వాడి మానేసినా సరే, కంటి వైద్యుడికి తప్పక చెప్పండి. ఆపరేషన్ సమయంలో కంటిపాప కండరం వదులుగా ప్రవర్తిస్తుంది; ముందుగా తెలిస్తే వారు తగిన ఏర్పాటుతో చేస్తారు.

ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ గ్రంథిని కుదిస్తాయి, కానీ అందుకు ఆరు నెలలు పడుతుంది. రెండు నెలలు వాడి "గుణం లేదు" అని మానేస్తే డబ్బూ కాలమూ వృథా. కొందరిలో లైంగిక కోరిక తగ్గుతుంది, రొమ్ములు నొప్పి పెట్టవచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె పగిలిన మాత్రను గాని కారిన క్యాప్సూల్‌ను గాని తాకకూడదు. టాడాలఫిల్ కూడా ప్రొస్టేట్ ఇబ్బందికి వాడతారు, అయితే గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి మందులు వాడేవారు దాన్ని ఎంతమాత్రం వేసుకోకూడదు.

మందుతో పాటు ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. మూత్రం అయిపోయిందనుకున్నాక ఒక నిమిషం ఆగి, మళ్ళీ ప్రయత్నించండి. మిగిలింది కొంత వస్తుంది. లేచి వచ్చాక బట్టల్లో చుక్కలు పడుతుంటే, వృషణాల వెనుక భాగాన్ని వేళ్ళతో నొక్కి మెల్లగా ముందుకు తుడిచినట్టు తీసుకురండి, నాళంలో నిలిచింది బయటికి వచ్చేస్తుంది. మలబద్ధకాన్ని వదిలించుకోండి. పడుకునే ముందు రెండు మూడు గంటలు నీళ్ళు తగ్గించండి, సాయంత్రం తరువాత కాఫీ, టీ, మద్యం మానండి. కానీ రోజంతా నీళ్ళు మానేయకండి; మన ఎండల్లో అలా చేస్తే కిడ్నీలో రాళ్ళు, మూత్రంలో ఇన్ఫెక్షన్ తోడవుతాయి.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

మూత్రం మళ్ళీ మళ్ళీ బిగిసిపోవడం, పదేపదే ఇన్ఫెక్షన్లు, మూత్రాశయంలో రాళ్ళు, ప్రొస్టేట్ నుంచి రక్తం ఆగకపోవడం, కిడ్నీలు దెబ్బతినడం, మందులకు లొంగకపోవడం అన్నవి ఆపరేషన్‌కు గట్టి కారణాలు. వీటిలో మీకు వర్తించేది ఏదో వైద్యుడిని సూటిగా అడగండి. తరువాత అడగవలసింది ఏ పద్ధతి అని. మామూలు గ్రంథులకు మూత్రనాళం గుండా తొలిచే టీయూఆర్‌పీ, బాగా పెద్దవాటికి లేజర్‌తో ఒలిచే హోలెప్ చేస్తారు. రెండింటిలోనూ పైకి కోత ఉండదు. పేరు కంటే, ఆ వైద్యుడు ఏది ఎక్కువగా చేస్తారన్నది ముఖ్యం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులను మీ అంతట మీరు ఆపకండి. గుండె వైద్యుడూ యూరాలజిస్టూ మాట్లాడుకుని తేదీ చెబుతారు. ఖర్చు విషయంలో, మీ కార్డు మీద ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగండి.

ఇంటికి వచ్చాక కొన్ని వారాలు మంట, తొందర ఉంటాయి. రెండో వారంలో లోపలి పుండు మీద పెచ్చు ఊడి మళ్ళీ ఎర్రగా రావచ్చు. నీళ్ళు ఎక్కువగా తాగి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది, గడ్డలు పడి మూత్రం ఆగిపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బండి నడపడం, బిందెలు, గ్యాస్ సిలిండర్ వంటి బరువులెత్తడం, విరేచనానికి ముక్కడం వద్దు. ఈ ఆపరేషన్లలో తీసేది గ్రంథి లోపలి భాగమే, నారింజ తొనలు తీసి తొక్కను వదిలేసినట్టు. ఆ మిగిలిన తొక్కలో క్యాన్సర్ రావడానికి అవకాశం ఉంటుంది కాబట్టి, "ప్రొస్టేట్ తీసేశారు కదా" అని పీఎస్ఏ మానేయకండి. తీసిన ముక్క బయాప్సీ రిపోర్టును అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి, మూడు నెలలకు మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు అదీ, అదే గ్లాసుతో కొలిచిన కొత్త మూడు రోజుల కాగితమూ వెంట తీసుకురండి.